మాఘ పౌర్ణమికి బ్యాంకాక్‌లో: అమ్మతో ఆరు రోజులు

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. సూట్‌కేస్ ఇంకా పూర్తిగా సర్దలేదు, అమ్మ తెనాలి వెళ్ళిపోయింది కానీ తన చిన్న నోట్‌బుక్ మా ఇంట్లోనే మర్చిపోయింది, అది తిరగేస్తుంటే అన్నీ కళ్ళ ముందు తిరుగుతున్నాయి, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

అమ్మని తీసుకుని బ్యాంకాక్ వెళ్తున్నా అని చెప్పినప్పుడు మా చుట్టాల్లో ఒక్కరు కూడా మామూలుగా తీసుకోలేదు. బాబాయ్ అయితే "అక్కడికా? వదిననా?" అన్నాడు. మన దగ్గర బ్యాంకాక్ అనగానే ఒక రకం నవ్వు వస్తుంది జనాలకి, మగాళ్ళు గ్రూపుగా వెళ్ళొచ్చే ఊరన్నట్టు. ఆ నవ్వు నాకెప్పుడూ నచ్చలేదు, వెళ్ళొచ్చాక అసలు నచ్చట్లేదు. దాదాపు కోటి మంది పిల్లాపాపలతో, గుళ్ళతో, ఆఫీసులతో బతుకుతున్న ఊరది, అమ్మని తీసుకెళ్ళడానికి ఇంతకంటే మంచి ఊరు నాకైతే తట్టట్లేదు.

అమ్మకి 64. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండిట్‌గా చేసి రిటైర్ అయింది. మోకాళ్ళ నొప్పులు, పూర్తి శాకాహారం, గుడ్డు కూడా లేదు, ఇంతకుముందు దేశం దాటలేదు. కాబట్టి నా ప్లానింగ్ అంతా ఈ మూడింటి చుట్టూనే. ఫిబ్రవరి ఎందుకంటే వానలుండవు, ఏప్రిల్లో అయితే ఎండ మన రెంటచింతలని గుర్తు చేస్తుందని తెలిసినవాళ్ళు చెప్పారు. వీసా గొడవ లేదు, 2025 ఫిబ్రవరిలో మేం వెళ్ళినప్పుడు మనకి 60 రోజుల దాకా వీసా లేకుండానే రానిచ్చేవారు. బస మాత్రం బాగా ఆలోచించి సీలోం దగ్గర సురసక్ స్టేషన్ పక్క సందులో తీసుకున్నా, ఎందుకంటే స్కైట్రైన్, పడవ రేవు, మారియమ్మన్ గుడి మూడూ దగ్గరే. ఈ ఒక్క నిర్ణయం ట్రిప్ మొత్తాన్ని కాపాడింది. మిగతా ప్లాన్, అంటే రోజుకి నాలుగు చోట్లు, ఫ్లోటింగ్ మార్కెట్, ఒక రోజు పాత రాజధాని అయుత్తయ, అదంతా ఒక ఎక్సెల్ షీట్లో రాసుకెళ్ళా, మొదటి సాయంత్రానికే సగం కొట్టేశా.

ఫిబ్రవరి 10, సోమవారం - సీలోం

పొద్దున్నే దిగాం. రోడ్డు మీద కొంతమంది పసుపు చొక్కాలేసుకుని కనిపించారు, ఏదైనా పార్టీ మీటింగా అనుకున్నా. రిసెప్షన్లో ఉన్న అమ్మాయిని అడిగితే సోమవారం రంగు పసుపు అని చెప్పింది. వాళ్ళకి ఒక్కో వారానికి ఒక్కో రంగు, ఇప్పటి రాజుగారూ, ఆయన తండ్రీ ఇద్దరూ సోమవారమే పుట్టారట, అందుకని పసుపుకి ఇంకా గౌరవం. సోమవారాన్ని ఏమంటారమ్మా అని అమ్మ అడిగింది (తెలుగులోనే అడిగింది, నేను ఇంగ్లిష్‌లో చెప్పా). "వన్ చన్" అంది. చంద్రుడు. మంగళవారం "అంగ్ఖాన్", అంగారకుడు. బుధవారం "ఫుత్". ఆదివారం "ఆథిత్". అమ్మ ముఖం చూడాలి అప్పుడు, బ్యాగ్ కిందపెట్టి నోట్‌బుక్ తీసింది.

ఆ నోట్‌బుక్ మందుల టైమ్ రాసుకోవడానికని నేనే కొనిచ్చా. ఇప్పుడు అందులో మందులు ఒక పేజీ, థాయ్ మాటలు ఇరవై పేజీలు.

ఆ అమ్మాయి కూడా భలే ఓపిక మనిషి, వాళ్ళ ఊరి పూర్తి పేరు మీకు తెలుసా అని అడిగింది. బ్యాంకాక్ అని బయటివాళ్ళం అంటాం గానీ వాళ్ళు క్రుంగ్ థేప్ అంటారు, అదీ సగం సగమే, పూర్తి పేరు చాలా పొడుగు, ఊరి పేర్లలో ప్రపంచంలోకెల్లా పొడుగుదని గిన్నిస్ పుస్తకంలో ఉంది. బళ్ళో పిల్లలకి పాటలా నేర్పుతారట. ఆమె ఆగి ఆగి చెప్తుంటే అమ్మ తెలుగులో రాసుకుంటూ పోయింది. థేప్ అంటే దేవ. మహానఖోన్, మహానగరం. అమోన్ రత్తనకోసిన్, అమర రత్నకోశ ఇంద్ర. మహిన్థర, మహేంద్ర. అయుత్తయ, అయోధ్య. నొప్ఫరత్ రాచథానీ, నవరత్న రాజధాని. చివర్లో "సక్కథత్తియ విత్సనుకమ్ ప్రసిత్" అని వచ్చింది, దాని దగ్గర అమ్మ రెండు నిమిషాలు ఆగిపోయి, "శక్రుడు ఇచ్చింది, విశ్వకర్మ కట్టింది!" అని గట్టిగా అనేసింది, లాబీలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

సాయంత్రం నడుచుకుంటూ మారియమ్మన్ గుడికి వెళ్ళాం. అక్కడివాళ్ళు వాట్ ఖేక్ అంటారు. వాట్ అంటే గుడి, ఖేక్ అంటే అతిథి, మనలాంటి వాళ్ళందరికీ అదే మాట. పంతొమ్మిదో శతాబ్దంలో తమిళులు కట్టుకున్న గుడి, మన దక్షిణాది గోపురమే, రంగుల బొమ్మలతో. కానీ లోపల చూస్తే పదిమందిలో ఎనిమిది మంది థాయ్ వాళ్ళే. ఆఫీసు బట్టల్లో ఉన్న అమ్మాయిలు అరటిపళ్ళు, కొబ్బరికాయ, బంతిపూల దండ ఉన్న పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడ్డారు, వినాయకుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నారు. మన గుళ్ళలో తోపులాట గుర్తొచ్చి నాకు కొంచెం బాధేసింది కూడా. లోపల ఫోటోలు తీయనివ్వరు, తీయాలనిపించలేదు కూడా.

రాత్రి తిండి దగ్గర మొదటి పాఠం. ఒక బండి దగ్గర వేడివేడి అన్నం మీదకి ఏదో వేయిస్తున్నారు, వాసన రాగానే అమ్మ ఆగిపోయింది, "అమ్మాయ్, ఇది తులసి కదే" అంది. నిజమే, క్రఫావ్ అని వాళ్ళు వంటల్లో వేసేది మన తులసే, మాంసంలో కూడా అదే వేస్తారు. అమ్మకి మింగుడు పడలేదు. కానీ అక్కడేమీ అనలేదు, కాసేపటికి "వాళ్ళకి అది కూరాకు, మనకి అమ్మవారు, ఎవరి వంటిల్లు వాళ్ళది" అంది. ఆ రాత్రి పెరుగన్నం తినాలని ఉందంటే సెవెన్ ఎలెవెన్‌లో తియ్యగా లేని పెరుగు వెతికి వెతికి పట్టుకున్నా. పాల ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ తేదీలో సంవత్సరం 68 అని చూసి ఇద్దరం కంగారుపడ్డాం. వాళ్ళది బౌద్ధ శకం, మన 2025 వాళ్ళకి 2568. ఇది ముందే తెలిస్తే మంచిది, లేదంటే కొన్నదల్లా అనుమానంగా చూస్తూ కూర్చుంటాం.

ఫిబ్రవరి 11, మంగళవారం - రాజమహల్, దానికి ముందు ఒక రాళ్ళ షాపు

సథోన్ రేవులో ఆరెంజ్ జెండా పడవ ఎక్కాం, మనిషికి 16 బాట్లు. బాట్ అప్పుడు మనకి రెండు రూపాయల అరవై పైసల చుట్టూ ఉంది. అదే రేవులో టూరిస్టు పడవ టికెట్ అమ్మేవాళ్ళు ముందు కనిపిస్తారు, చాలా ఎక్కువ, వాళ్ళని దాటి లోపలికి వెళ్ళాలి. పడవలో సన్యాసులకి వేరే చోటుంటుంది, ఆడవాళ్ళం వాళ్ళకి తగలకూడదు, ఏదైనా చేతికివ్వకూడదు కూడా. అమ్మకి ఇదేమీ కొత్తగా అనిపించలేదు, మడి కట్టుకున్నవాళ్ళ పక్క నుంచి ఎలా తప్పుకుంటామో అలా తప్పుకుంది.

దిగి గోడ వెంబడి నడుస్తుంటే చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఎదురొచ్చి రేపు మాఖ బూచ పండగ కదా, ఈ రోజు పూజలున్నాయి, ఒంటిగంట దాకా ప్యాలెస్ మూసేశారు, ఈలోగా వేరే గుళ్ళు చూడండి, టుక్‌టుక్ వాడు ఇరవై బాట్లకే తిప్పుతాడు అన్నాడు. ఇలాంటి మోసం ఉంటుందని నేను చదివే వెళ్ళా. అయినా పడ్డా, ఎందుకంటే పండగ మాట నిజమే కదా, పైగా ఆయన అమ్మకి చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. టుక్‌టుక్ ఒక చిన్న గుడి దగ్గర ఆపి, తర్వాత నేరుగా ఒక రాళ్ళ నగల షాపుకి తీసుకెళ్ళింది. అలా మనిషిని తెచ్చినందుకు డ్రైవర్‌కి పెట్రోల్ కూపన్ ఇస్తారు, అదీ లెక్క. ఏసీ గదిలో కూర్చోబెట్టి కెంపులు పరిచారు. నాకు చేతులు వణికాయి కోపంతో. అమ్మ మాత్రం నిదానంగా నీళ్ళు తాగి, లేచి, మా ఇంట్లో చాలున్నాయి నాయనా అని తెలుగులో చెప్పి బయటికొచ్చేసింది. గంటన్నర పోయింది, అంతకంటే ఎక్కువగా అమ్మ ఎండలో నడిచింది, నాకు ఇప్పటికీ అదే కష్టంగా ఉంది. ఎవరైనా వెళ్ళేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మూశారో తెరిచారో గేటు దాకా వెళ్ళి మీ కళ్ళతో చూసుకోండి, దారిలో ఎవరు చెప్పినా ఆగొద్దు.

ప్యాలెస్ తెరిచే ఉంది. టికెట్ 500 బాట్లు, అంటే 1300 రూపాయలు మనిషికి, ఇంత పెట్టాలా అని అమ్మ గొణిగింది. లోపల చుట్టుగోడ వరండాకి వచ్చాక ఇంక ఆ మాట ఎత్తలేదు. అక్కడ 178 పెద్ద పెద్ద బొమ్మల్లో రామాయణం గీశారు. వాళ్ళ రామకియన్. 1782లో ఈ ఊరు కట్టించిన మొదటి రామ అనే రాజుగారే ఆ కావ్యం కూడా రాయించారు. రాముడు ఫ్రా రామ్, సీత నాంగ్ సీదా, రావణుడు థోత్సకన్, అంటే దశకంఠుడు.

అమ్మ ఒక్కో బొమ్మ దగ్గరా పాఠం చెప్పడం మొదలుపెట్టింది. ఒక చోట హనుమంతుడు కొండంత పెరిగి, నోట్లో ఒక మంటపం పెట్టుకుని ఉన్నాడు. నేను చూసి ఏదో మింగేస్తున్నాడు అనుకున్నా. అమ్మ దగ్గరికెళ్ళి చూసి, "మైరావణుడే!" అంది. రాత్రిపూట మైరావణుడు వచ్చి రాముణ్ణి ఎత్తుకుపోతాడని కాపలా కాసే కథ. మన కథలో తోకతో కోట కట్టి అందులో పడుకోబెడతాడు, వీళ్ళ కథలో మంటపంతో సహా నోట్లో దాచుకుంటాడు. వాళ్ళ పేరు మైయరాప్. చిన్నప్పుడు మా అమ్మమ్మ కరెంటు పోయిన రాత్రుళ్ళు చెప్పిన కథ ఇక్కడ బంగారు రంగులో గోడ మీద ఉంది, అమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ బొమ్మ దగ్గరే అరగంట. నా షీట్ ప్రకారం ఆ టైమ్‌కి మేం నది అవతల ఉండాలి.

మరకత బుద్ధుణ్ణి కూడా చూశాం, మరకతం అంటారు గానీ పచ్చటి జేడ్ రాయి, రెండడుగుల కంటే కాస్త పెద్ద విగ్రహం, చాలా ఎత్తులో ఉంటుంది. ఏడాదికి మూడుసార్లు, ఎండాకాలం, వానాకాలం, చలికాలం మారినప్పుడల్లా రాజుగారే వస్త్రం మారుస్తారు. మేం వెళ్ళినప్పుడు చలికాలపు బంగారు వలలాంటిది కప్పి ఉంది. చెప్పులు విప్పాలి, కూర్చున్నప్పుడు కాళ్ళు విగ్రహం వైపు చాపకూడదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి అది కొంచెం కష్టం, పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ అమ్మ అవస్థ గమనించి తన పక్కకి ఒరిగి కూర్చోమని సైగ చేసి చూపించింది.

అదే టికెట్ మీద సాలా చలెర్మ్‌క్రుంగ్ థియేటర్లో ఖోన్ అనే ముసుగుల నాటకం ఉంది, అక్కడికి బండి కూడా ఫ్రీ. చాలామందికి ఇది తెలియక వదిలేస్తారు. అరగంట కూడా ఉండదు. తెల్ల ముసుగు హనుమంతుడు ఎగిరి దూకినప్పుడు అమ్మ చప్పట్లు కొట్టింది, తర్వాత హనుమంతుడు ఒక ఆడపిల్ల వెంటపడితే మాత్రం ఠక్కున ఆపేసింది. వాళ్ళ కథలో ఆయన బ్రహ్మచారి కాదు, రావణుడి కూతురు మత్స్యకన్య సువన్నమచ్ఛాని ప్రేమిస్తాడు. అమ్మ దీని మీద రాత్రంతా ఆలోచించింది, పడుకునే ముందు "మచ్ఛా అంటే మత్స్యమే, సువర్ణ మత్స్య" అని చెప్పి లైటాపింది.

ఫిబ్రవరి 12, బుధవారం - మాఘ పౌర్ణమి

నేను టికెట్లు తీసేటప్పుడు తిథి చూడలేదు. అమ్మ క్యాలెండర్ చూసి మాఘ పౌర్ణమి అనీ, ఏటా సూర్యలంకలో సముద్ర స్నానం చేసేదాన్నీ అని ఒక్కసారే అంది, మళ్ళీ ఎత్తలేదు. అక్కడికెళ్ళాక తెలిసింది వాళ్ళకీ అది పెద్ద పండగే. మాఖ బూచ, అంటే మాఘ పూజ. బుద్ధుడి దగ్గరికి 1250 మంది అర్హంతులు, అంటే ముక్తి పొందిన శిష్యులు, ఎవరూ పిలవకుండానే వేణువనంలో చేరిన పౌర్ణమి అది. ఆ రోజు సెలవు, మందు కూడా అమ్మలేదు.

మెట్రోలో సామ్ యోత్ స్టేషన్ దాకా వెళ్ళి పెద్ద ఉయ్యాల దగ్గరికి నడిచాం. ఎర్రటి రెండు టేకు స్తంభాలు, ఆకాశంలోకి. ఒకప్పుడు శివుడి పండగలో మనుషులు దాని మీద ఊగేవారు, ప్రమాదాలు జరిగేవి, 1935లో ఆపేశారు. పక్కనే దేవస్థాన్ అని బ్రాహ్మణుల గుడి, 1784 నాటిది, శివుడికీ వినాయకుడికీ విష్ణువుకీ మూడు మందిరాలు. రాజుగారి ఇంట్లో శుభకార్యాలకి ఇప్పటికీ ఇక్కడి బ్రాహ్మణులే వెళ్తారు. వాళ్ళ పెద్ద పండగ పేరు త్రియంపవాయ్, తమిళుల తిరువెంబావై నుంచి వచ్చింది. మేం వెళ్ళేసరికి మందిరాల తలుపులు వేసున్నాయి, ఆవరణలోంచే దణ్ణం పెట్టుకున్నాం.

మధ్యాహ్నం తిండి ఆ రోజు చాలా తేలిక, ఎందుకంటే "జే" భోజనం దొరికింది. ఇది శాకాహారులు తప్పకుండా తెలుసుకోవాల్సిన మాట. పసుపు జెండా మీద ఎర్రగా రెండక్షరాలుంటాయి, చూడ్డానికి 17 అంకెలా ఉంటుంది, ఆ గుర్తున్న చోట మాంసం, చేప, గుడ్డుతో పాటు ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. పౌర్ణమికి అమ్మకి అంతకంటే ఏం కావాలి. ఇంకో మాట "మంగ్సవిరత్". అంటే మాంస విరతి! అమ్మ ఈ మాటని బండి దగ్గరికెళ్ళి ఎంత సంతోషంగా అనేదో. అయితే ఒట్టి మంగ్సవిరత్ అంటే చాలదు, గుడ్డు వేసేస్తారు, చేప రసం చుక్క కూరలో ఎలాగూ పడుతుంది, అందుకని "మై సై ఖాయ్, మై సై నామ్ ప్లా" అని రెండూ చెప్పాలి. రైస్ నూడుల్స్, టోఫు, ఆకుకూర వేపుడు, ఇద్దరికీ కలిపి 130 బాట్లు. పక్కన మావిడిపండు, జిగురన్నం, పైన కొబ్బరిపాలు, అది 120. మన బంగినపల్లి రుచి రాదు గానీ ఆ అన్నం ఉప్పుగా తియ్యగా ఉంటుంది, అమ్మ దాన్ని చక్కెర పొంగలికి చెల్లెలు అంది.

సాయంత్రం వాట్ సుథాట్. జనం తెల్లబట్టల్లో, కుటుంబాలు కుటుంబాలుగా వస్తున్నారు. గేటు దగ్గర తామర మొగ్గ, మూడు అగరొత్తులు, ఒక పచ్చటి కొవ్వొత్తి కలిపి కట్టి అమ్ముతున్నారు. మేం తీసుకోవచ్చా లేదా అని సందేహిస్తుంటే మా ముందున్న ఒక తండ్రి, ఇద్దరు పిల్లల కుటుంబం ఆగి తమ కొవ్వొత్తితో అమ్మ కొవ్వొత్తి వెలిగించారు. తర్వాత చుట్టూ మూడు ప్రదక్షిణలు, మన వైపే, కుడిచేతి వైపుగా. బుద్ధుడికొకటి, ధర్మానికొకటి, సంఘానికొకటి. లోపల మైకులో పాళీ మంత్రాలు, బయట వందలమంది నడుస్తున్నా చెప్పుల్లేని పాదాల చప్పుడు తప్ప ఏమీ లేదు. పైన చందమామ. మైనం కారి అమ్మ చేతి మీద పడితే ఆ చిన్నపిల్ల తన అరటాకు ముక్క విరిచి ఇచ్చింది, ఒత్తి కింద పట్టుకోమని. మూడో ప్రదక్షిణలో అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నాన్న పోయి మూడేళ్ళు, అమ్మ పండగ రోజున బయటికి రావడం ఇదే మొదలు. ఆ రాత్రి గురించి ఇంతకంటే రాయలేను.

ఫిబ్రవరి 13, గురువారం - తప్పు పడవ

స్కైట్రైన్లో "సథానీ తో పాయ్" అని వస్తుంది, తర్వాతి స్టేషన్ అని. స్థానం, స్థాని. మేం దిగింది రాచథేవీ, అంటే రాజదేవి. అక్కడి నుంచి కాలువ రేవుకి నడిచి సేన్ సేప్ కాలువ పడవ ఎక్కాం. నల్లటి నీళ్ళు, వాసన, ఎదురు పడవ వస్తే నీళ్ళు ఎగిరి పడకుండా అంచున కూర్చున్నవాళ్ళు తాడు లాగి పట్టా ఎత్తుతారు. ఎవరూ చెప్పకుండానే అమ్మ రెండోసారికి తాడు అందుకుంది.

పడమర పోవాల్సినవాళ్ళం తూర్పు పడవ ఎక్కామని నాకు తెలియదు. ప్రతునామ్‌లో అందరూ దిగి ఇంకో పడవ ఎక్కితే మేమూ ఎక్కాం. ఇరవై నిమిషాలయ్యాక యూనిఫాంలో ఉన్న ఒక కాలేజీ అమ్మాయి నా ఫోన్లో మ్యాప్ చూసి తల అడ్డంగా ఊపింది, థోంగ్ లో రేవులో మాతోపాటే దిగి, ఎదురు పడవ వచ్చేదాకా నిలబడి, టికెట్ కోసే ఆవిడకి మా గురించి చెప్పి మరీ వెళ్ళింది. తన క్లాసు ఆలస్యమై ఉంటుంది. ఇక గోల్డెన్ మౌంట్ అనే గుట్ట మీది గుడి ఎక్కాలన్న ప్లాన్ వదిలేశాం, మెట్లు ఎలాగూ మూడొందల పైనే. వెనక్కొచ్చి దిగిన రేవు పక్కనే ఒకావిడ ఖనోమ్ క్రోక్ పోస్తుంటే కూర్చుండిపోయాం. గుంటల పెనం, బియ్యప్పిండి, కొబ్బరిపాలు, చూడ్డానికి అచ్చం మన గుంట పొంగనాలు, లోపల మాత్రం మెత్తగా పాయసంలా. కొన్నిటి మీద ఉల్లికాడ ముక్కలు కూడా చల్లారు. ఎనిమిది 40 బాట్లు. అమ్మ పెనం ఎంతకి కొన్నావని సైగలతో అడిగింది, ఆవిడ ఇంకో ప్లేటు పోసిచ్చింది, డబ్బులు తీసుకోలేదు.

సాయంత్రం ఎరవాన్ దగ్గర నాలుగు ముఖాల బ్రహ్మ. 1956లో పక్కన హోటల్ కట్టేటప్పుడు పెట్టిన విగ్రహం. మొక్కు తీరినవాళ్ళు డబ్బు కట్టి అక్కడ డాన్స్ చేయిస్తారు. బ్రహ్మకి పూజలుండవు అంటారు కదా మనవాళ్ళు, అమ్మ మాత్రం చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ గుడి చూసిన మనిషి, గట్టిగా, "మాకూ ఉంది" అంది నాతో. సరిగ్గా ఆరింటికి పై స్టేషన్లో జాతీయగీతం వచ్చింది. మెట్ల మీద పరిగెడుతున్నవాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. మేమూ నిలబడ్డాం. అయిపోగానే మళ్ళీ పరుగు.

ఫిబ్రవరి 14, శుక్రవారం - పూలు, ఏటి అవతల

శుక్రవారం, అమ్మకి పూలు కావాలి. తెల్లారకముందే పాక్ ఖ్లోంగ్ తలాత్, పూల మార్కెట్‌కి వెళ్ళాం. బంతిపూలు బస్తాల్లో, ఆర్కిడ్లు, మల్లెమొగ్గలు ఐసు మీద పోసి. దండల్లో తెల్లగా మెరుస్తున్న పూలేంటా అని చూస్తే జిల్లేడు! వాళ్ళు దోక్ రక్ అంటారు, రక్ అంటే ప్రేమ. అందుకే పెళ్ళి దండల్లో కూడా పెడతారు.

ఒక కొట్టావిడ పొడుగు సూదికి మొగ్గలు గుచ్చుతోంది. అమ్మ దారం తీసుకుని, సూది లేకుండా, రెండు వేళ్ళతో ముడివేస్తూ మూర మల్లెలు కట్టి చూపించింది. ఆవిడ పక్క కొట్టువాళ్ళని కేకేసి పిలిచింది. నలుగురు చేరారు. బదులుగా తామర రేకుల్ని ఎలా లోపలికి మడవాలో అమ్మకి నేర్పింది, ఒక్కో రేకూ మడిచి మడిచి మొగ్గని పువ్వు చేస్తారు. ఒక్క మాట కలవలేదు ఇద్దరికీ. వచ్చేటప్పుడు అమ్మ కట్టిన మూర ఆవిడ తన జడలో పెట్టుకుంది.

అక్కడి నుంచి వాట్ పో నడిచే దూరం. 300 బాట్లు. 46 మీటర్ల పడుకున్న బుద్ధుడు, అరికాళ్ళ మీద ముత్యపు చిప్పతో 108 మంగళ చిహ్నాలు. వెనక 108 కంచు గిన్నెలు వరుసగా, చిల్లర నాణేలు తీసుకుని ఒక్కోదాంట్లో ఒకటి వేస్తూ పోవాలి, ఆ టింగ్ టింగ్ చప్పుడు గదంతా. తర్వాత అక్కడి మసాజ్ బళ్ళోనే అమ్మకి అరగంట కాళ్ళు పట్టించా. ఈ మసాజ్ అనే మాటని కూడా మన నవ్వు ఎంత పాడుచేసిందో. తెల్లజుట్టు ముసలాయన ఒకాయన, ముందు చేతులు జోడించి, అమ్మ మోకాలి చుట్టూ వైద్యుడిలా నొక్కాడు. ఆ రోజు అమ్మ నొప్పి మాట ఎత్తలేదు.

థా తియెన్ రేవు నుంచి అయిదు బాట్లిచ్చి ఏరు దాటితే వాట్ అరుణ్. సూర్యుడి సారథి అరుణుడి పేరు. దూరం నుంచి రాయనుకున్నదంతా దగ్గరికెళ్తే పింగాణీ ముక్కలు, పువ్వులుగా అతికించినవి. వాట్ అనే మాట కూడా మన వాటికకి చుట్టమేనని అమ్మ నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఫిబ్రవరి 15, శనివారం - చతుచక్, ఎయిర్‌పోర్ట్

చతుచక్ మార్కెట్‌లో పదిహేను వేల కొట్లున్నాయి. ఎండెక్కకముందే వెళ్ళి, గడియార స్తంభం దగ్గర కలుద్దామని గుర్తు పెట్టుకుని, గంటన్నరలో బయటపడ్డాం. మనవలకి ఏనుగుల పైజమాలు, బేరమాడితే మూడు 400 బాట్లకి వచ్చాయి. బేరం నవ్వుతూ ఆడాలి అక్కడ, గొంతు లేస్తే వాళ్ళు ముఖం తిప్పేసుకుంటారు. ఫ్లైటూ హోటలూ కాకుండా ఇద్దరికీ మొత్తం 9600 బాట్లు, పాతిక వేల రూపాయల లోపు.

రాత్రి సువర్ణభూమిలో ఇమిగ్రేషన్ దాటగానే ఎదురుగా క్షీరసాగర మథనం. ఇంత పొడుగున వాసుకి, ఒకవైపు దేవతలు, ఒకవైపు రాక్షసులు, కొండ మీద విష్ణువు. అమ్మ చేతి బ్యాగ్ కింద పెట్టేసింది. పక్కన మన కుర్రాళ్ళు ఏడెనిమిది మంది, తెలుగే మాట్లాడుకుంటూ ఫోటోలు దిగుతున్నారు, ఒకడు, "ఆంటీ, ఇదేంటి, లాగుతున్నది పామునా?" అని అడిగాడు. ఇంకేముంది, అమ్మ మొదలుపెట్టింది, హాలాహలం నుంచి మోహిని దాకా. ఫోన్లు కిందికి దించి అందరూ విన్నారు. గేటు పిలుపు వచ్చాక అందరూ కదిలారు, అడిగిన కుర్రాడు మాత్రం మా పక్కనే నడుస్తూ "మా అమ్మకి కూడా మోకాళ్ళ నొప్పులాంటీ, తీసుకొస్తే నడవగలదంటారా?" అన్నాడు.

"పొద్దున్నే బయల్దేరదీయి, రోజుకి ఒక్క చోటే పెట్టుకో, మధ్యాహ్నం పడుకోనీ," అంది అమ్మ. "మీ అమ్మ గుడ్డు తింటుందా తినదా? తినకపోతే రాసుకో, మై సై ఖాయ్."

ఆ అబ్బాయి నిజంగానే ఫోన్ తీసి రాసుకున్నాడు.